భయం ఒకచోట, నొప్పి ఇంకోచోట

ఏడాదిన్నర పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చినప్పుడు గజ్జల్లో చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఏడుపు ఆగితే అదీ పోతుంది. తీసుకెళ్లి చూపిస్తే హెర్నియా అంటారు, ఆపరేషన్ తప్పదంటారు. అప్పుడు తల్లిదండ్రుల నోట మొదట వచ్చే ప్రశ్న మత్తు గురించే: ఇంత పసివాడికి మత్తు ఇస్తే రేపు చదువు అబ్బుతుందా, మాటలు ఆలస్యం కావా? ఇల్లంతా ఈ దిగులు చుట్టూనే తిరుగుతుంది. ఆపరేషన్ రోజు ఉదయం ఎన్ని గంటలకు నీళ్లు ఆపాలి, ఇంటికొచ్చిన రాత్రి నొప్పి మందు ఎంత వేయాలి, మత్తు దిగేటప్పుడు పక్కన ఎవరుంటారు అని మాత్రం అడిగేవాళ్లు అరుదు. గత ముప్పై నలభై ఏళ్ల పరిశోధన చూస్తే తల్లిదండ్రులు ఎక్కువగా భయపడే చోట ముప్పు తక్కువగానూ, పట్టించుకోని చోట బాధ ఎక్కువగానూ ఉన్నట్టు తేలుతుంది. థియేటర్లో గడిచే గంటను డాక్టర్లు బాగానే చూసుకుంటున్నారు. దానికి ముందు గంటలను, తర్వాతి రోజులను ఎవరూ పూర్తిగా తమవి అనుకోవడం లేదన్నదే నా ఫిర్యాదు.

ముందు జబ్బు సంగతి. మగబిడ్డ గర్భంలో ఉండగా వృషణాలు పొట్ట లోపల తయారై, నెలలు నిండే వేళకు కిందికి దిగుతాయి. దిగేటప్పుడు పొట్ట లోపలి పొర వాటితోపాటు సన్నని గొట్టంలా సాగి వస్తుంది. ఆ గొట్టం పుట్టే నాటికో, ఆ తర్వాత కొన్ని నెలలకో మూసుకుపోవాలి. మూసుకోకపోతే అందులోకి పేగు జారుతుంది, అదే హెర్నియా. నీరు మాత్రమే దిగితే హైడ్రోసిల్. అది చాలామంది పిల్లల్లో ఏడాది రెండేళ్లలో దానంతటదే తగ్గుతుంది కనుక ఆగి చూడమంటారు. పేగు దిగే హెర్నియా అలా మానదు. నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా పిల్లల్లో ఇది కనిపిస్తుంది. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఇంకా ఎక్కువ, ఆడపిల్లల్లో బాగా తక్కువ. ‘కాస్త పెద్దయ్యాక చేయిద్దాం, అప్పటికి తట్టుకుంటాడు’ అనే పెద్దల మాట వినడానికి బాగుంటుంది గాని, పేగు ఆ ఇరుకులో చిక్కుకుని రక్తం అందక చచ్చుబడే ప్రమాదం మొదటి ఏడాదిలోనే అత్యధికం. చేసే పని మాత్రం చిన్నదే. గజ్జల ముడత దగ్గర చిన్న కోత పెట్టి, ఆ గొట్టాన్ని వీర్యనాళం నుంచీ రక్తనాళాల నుంచీ జాగ్రత్తగా విడదీసి, మొదట్లో కట్టేస్తారు. పెద్దవాళ్లకు వేసే జాలీ పిల్లలకు అక్కర్లేదు. చాలామంది పిల్లలు అదే సాయంత్రం ఇంటికి వెళ్లిపోతారు.

మత్తు భయానికి మూలం లేకపోలేదు. 1999లోనూ 2003లోనూ ఎలుక పిల్లల మీద జరిగిన ప్రయోగాల్లో కొన్ని మత్తుమందులు ఎదిగే మెదడులో కణాలు చచ్చిపోయేలా చేస్తాయని కనిపించింది. తర్వాత కోతి పిల్లల్లోనూ అలాంటి ఫలితాలే వచ్చాయి. వీటి ఆధారంగా 2016 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక జారీ చేసింది. అందులో సగమే ఊళ్లు తిరిగింది. మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలు దాటి గాని, పదేపదే గాని మత్తు ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉండొచ్చన్నది ఆ సగం. ఒక్కసారి, కొద్దిసేపు ఇచ్చే మత్తు వల్ల ప్రవర్తనకు, చదువుకు చేటు జరిగే అవకాశం తక్కువన్నది ఎవరూ చెప్పుకోని రెండో సగం. దాన్ని బలపరిచే సాక్ష్యం ఇదే హెర్నియా ఆపరేషన్ నుంచి వచ్చింది. ఏడు దేశాల్లోని 28 ఆసుపత్రుల్లో 722 మంది పసికందులను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు సెవోఫ్లూరేన్ అనే వాయువుతో పూర్తి మత్తు ఇచ్చారు. రెండో గుంపుకు మెలకువగా ఉండగానే నడుము కింది భాగం మాత్రం మొద్దుబార్చారు. పూర్తి మత్తు సుమారు 54 నిమిషాలు సాగింది. ఆ పిల్లలకు ఐదేళ్లు వచ్చాక తెలివితేటల పరీక్ష పెడితే రెండు గుంపుల సగటూ 99 దగ్గరే నిలిచింది. ఈ ఫలితం 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

వాళ్లు నెలల పిల్లలు, మా వాడు రెండేళ్లవాడు కదా అనొచ్చు. న్యాయమైన అనుమానమే. అమెరికాలో 2016లో వెలువడిన మరో అధ్యయనం దానికి కొంత జవాబు చెబుతుంది. మూడేళ్లు నిండకముందే హెర్నియా ఆపరేషన్ జరిగిన పిల్లలనూ, ఆ వయసులో మత్తు ఎరగని వాళ్ల తోబుట్టువులనూ 105 జతలుగా తీసుకుని, ఎనిమిది నుంచి పదిహేనేళ్ల వయసులో పోల్చి చూశారు. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే తల్లిదండ్రులు. తెలివితేటల్లో తేడా కనబడలేదు. ఇక మేయో క్లినిక్ 2018లో ప్రచురించిన పరిశీలనలో, మూడేళ్లలోపు ఒకటికి మించి మత్తులు పొందిన పిల్లల్లో ఐక్యూ తగ్గలేదు గాని, పని చేసే వేగంలో, చేతివేళ్ల నేర్పులో కొద్దిపాటి వెనుకబాటు కనిపించింది. కాబట్టి పలుమార్లు మత్తు అవసరమయ్యే పిల్లల విషయంలో ఆలోచించాల్సింది ఉంది. ఒక్క హెర్నియా కోసం ఆ భయంతో నెలలు వాయిదా వేయడంలో అర్థం లేదు.

మత్తు విషయంలో భయపడదగింది వేరే ఉంది, అది జలుబు. 33 యూరప్ దేశాల్లో సుమారు 31 వేల మత్తులను గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి ఐదింటిలో ఏదో ఒక తీవ్ర సంఘటన నమోదైంది. వాటిలో ఎక్కువ భాగం శ్వాసకు సంబంధించినవే: గొంతు బిగుసుకోవడం, ఊపిరి గొట్టాలు ముడుచుకోవడం. ఆపరేషన్‌కు ముందు రెండు మూడు వారాల్లో జలుబు, దగ్గు, పిల్లికూతలు ఉంటే ఈ ముప్పు పెరుగుతుంది. ఇంట్లో ఎవరైనా పొగ తాగితే మరికాస్త. అయితే సెలవు పెట్టుకున్నాం, ఊరి నుంచి అమ్మమ్మ వచ్చేసింది, ఇప్పుడు వాయిదా వేస్తే ఎట్లా అని ముక్కు తుడిచి తీసుకొచ్చే కుటుంబాలు ఉంటాయి. మెదడు గురించి రాత్రంతా నిద్రపోని తల్లిదండ్రులే మూడు రోజుల కిందటి జ్వరం సంగతి మత్తు డాక్టరుకు చెప్పకుండా దాటేస్తే, భయం ఎంత పక్కకు తప్పిందో అర్థమవుతుంది.

ఇక ఆకలి. ఖాళీ కడుపు నియమం వెనక గట్టి కారణమే ఉంది. మత్తులో గొంతు కాపలా మానేస్తుంది. కడుపులోది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. న్యూయార్క్ వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ 1946లో 44,016 కాన్పుల రికార్డులు తిరగేసి 66 మందిలో ఇలా జరిగినట్టు చూపించాడు. చనిపోయిన ఇద్దరూ గట్టి ఆహారం అడ్డుపడి ఊపిరాడక పోయినవాళ్లు. ఆ తర్వాత నెమ్మదిగా ‘అర్ధరాత్రి నుంచి ఏమీ వద్దు’ అన్నది శాసనమై కూర్చుంది. శాస్త్రం మాత్రం అక్కడ ఆగలేదు. అన్నానికీ పోతపాలకూ ఆరు గంటలు, తల్లిపాలకు నాలుగు, మంచినీళ్లకు రెండు గంటల విరామం చాలన్నది చాలాకాలంగా ఒప్పుకున్న లెక్క. ఇక్కడ మన ఇళ్లలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ‘పాలే కదా’ అని తెల్లవారుజామున గ్లాసుడు పట్టేస్తారు. పాలు కడుపులోకి చేరగానే విరిగి గడ్డకడతాయి. చూడటానికి ద్రవమే, కడుపు లెక్కలో అన్నమే. మజ్జిగ, రాగిజావ కూడా అంతే. మంచినీళ్లు, పంచదార నీళ్ల లాంటివి వేరు. అవి అరగంటలోనే చాలావరకు కడుపు దాటిపోతాయి.

ఎక్కువసేపు మాడిస్తే ఇంకా భద్రం కదా అంటారు కొందరు. స్వీడన్‌లోని ఉప్సాలాలో థియేటర్ నుంచి పిలుపు వచ్చేదాకా పిల్లల్ని నీళ్లు తాగనిచ్చారు. అలా చేసిన 10,015 మత్తుల్లో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది ముగ్గురికి. ఇలాంటి అనుభవాలు చూశాకే 2018లో యూరప్‌లోని పిల్లల మత్తువైద్యుల సంఘాలు నీళ్ల విరామాన్ని ఒక గంటకు తగ్గించాయి. మాడ్చడం వల్ల భద్రత పెరగదు సరికదా, నష్టాలు మొదలవుతాయి. పది పన్నెండు గంటలు ఎండిన పసివాడికి సెలైన్ పెట్టడానికి నరం దొరకదు. మత్తు ఇవ్వగానే రక్తపోటు పడిపోవచ్చు, కీటోన్లు పెరుగుతాయి. అన్నిటికీ మించి, ఆకలితో, దాహంతో ఉన్న రెండేళ్ల బిడ్డకు ఎదురుగా కనిపించే ప్రతి మనిషీ శత్రువే. ఉదయం ఎనిమిదికి అన్న ఆపరేషన్ మధ్యాహ్నం రెండుకు జరిగితే ఆ ఆరు గంటలూ ఆ బిడ్డ మీద పడతాయి. ‘ఇప్పుడు రెండు గుక్కల నీళ్లు పట్టొచ్చా?’ అని నర్సును అడగడంలో మొహమాటపడాల్సింది లేదు. ఆమె వద్దంటే ఎందుకో చెబుతుంది.

తల్లి నుంచి వేరుచేయడం సంగతికి పాత చరిత్ర ఉంది. గ్లాస్గో సర్జన్ జేమ్స్ నికోల్ పదేళ్లలో 8,988 మంది పిల్లలకు ఆపరేషన్లు జరిపి అదే రోజు ఇంటికి పంపిన లెక్కను 1909లో ప్రచురించాడు. పసిపిల్లల్ని తల్లుల దగ్గర నుంచి లాగి వార్డుల్లో పడుకోబెట్టడం కంటే ఇంట్లో తల్లి చేతుల్లోనే బాగా కోలుకుంటారన్నది ఆయన వాదన. వినేవాళ్లు లేకపోయారు. 1952లో లండన్ టావిస్టాక్ క్లినిక్‌కు చెందిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఒక మూగ సినిమా తీశాడు. అందులో రెండేళ్ల ఐదు నెలల లారా బొడ్డు హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. తల్లిదండ్రులు వచ్చి చూసి పోవడమే, ఉండటానికి వీల్లేదు. పిల్ల పెద్దగా ఏడవదు కూడా. రోజురోజుకూ మాట తగ్గి, మొహం బిగుసుకుపోతుంది. ‘బుద్ధిగా ఉంది’ అని నర్సులు సంతోషించే పిల్ల నిజానికి కుంగిపోతోందని చూపిన ఆ సినిమా మీద మొదట డాక్టర్లు మండిపడ్డారు. 1959లో బ్రిటన్‌లో వచ్చిన ప్లాట్ నివేదిక తల్లిదండ్రులకు వార్డు తలుపులు తెరవమంది. మన వార్డుల్లో తల్లిని పంపేసే ఆచారం లేదు గనుక ఈ విషయంలో మనం మెరుగే. మన దగ్గర విడదీత థియేటర్ గుమ్మం దగ్గర, మత్తు దిగే గదిలో జరుగుతుంది.

అలాగని తల్లిని థియేటర్లోకి పంపిస్తే చాలనుకోవడానికి సాక్ష్యం ఒప్పుకోదు. మత్తువైద్యుడు జీవ్ కెయిన్ బృందం 1998లో పోల్చి చూసినప్పుడు, మత్తు ఇచ్చేటప్పుడు తల్లో తండ్రో పక్కన ఉన్న పిల్లల ఆందోళన, ఎవరూ లేని పిల్లల ఆందోళన కంటే తగ్గలేదు. ముందుగా మిడజోలామ్ అనే మందును నోటితో పట్టించిన పిల్లలు మాత్రం నెమ్మదిగా ఉన్నారు. తల్లి తానే వణికిపోతుంటే బిడ్డకు ఆ వణుకే అందుతుంది. అదే బృందం 2007లో 408 మంది పిల్లల మీద చేసిన ప్రయోగంలో, కుటుంబాన్ని కొన్ని రోజుల ముందు నుంచే సిద్ధం చేసి, మాస్కు ఇంటికిచ్చి ఆడుకోనిచ్చి, పిల్లవాడి దృష్టి మళ్లించడం పెద్దలకు నేర్పితే ఆందోళనా తగ్గింది, తర్వాత నొప్పి మందు అవసరమూ తగ్గింది, ఇంటికి వెళ్లడమూ తొందరైంది. మనకు అంత ఏర్పాటు లేకపోవచ్చు. కనీసం పెంపకంలో ఒక పాత అలవాటు మానుకోవచ్చు. అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తానని నెలల తరబడి బెదిరించి, తీరా ఆ డాక్టరు చేతుల్లోనే పెట్టి ‘ఏం కాదు నాన్నా’ అంటే ఏ పిల్లవాడు నమ్ముతాడు?

మత్తు దిగేటప్పుడు మరో సంగతి తల్లిదండ్రుల్ని హడలగొడుతుంది. సెవోఫ్లూరేన్ నుంచి లేచే పిల్లల్లో, ముఖ్యంగా రెండు నుంచి ఐదేళ్ల వాళ్లలో, కొందరు కళ్లు తెరిచే ఉంటారు గాని ఎవరినీ గుర్తుపట్టరు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు, ఎత్తుకుంటే విదిలించుకుంటారు. మత్తు బుర్రకెక్కిందని అప్పుడే ఏడుపులు మొదలవుతాయి. మెదడులో కొన్ని భాగాలు ముందు, కొన్ని వెనక మేలుకోవడం వల్ల వచ్చే అయోమయం ఇదని భావిస్తున్నారు. చాలామందిలో అరగంటలోపే దిగిపోతుంది, జాడ మిగలదు. నొప్పి వల్ల ఏడ్చే బిడ్డ తల్లిని చూసి చేతులు చాపుతాడు; ఈ అయోమయంలో ఉన్నవాడు తల్లి వైపే చూడడు. ఇది ముందే చెప్పి ఉంచితే సగం గోల తగ్గుతుంది.

అసలు కష్టం ఆ రాత్రి ఉంటుంది. మత్తులో ఉండగానే డాక్టర్లు చాలాసార్లు వెన్ను చివర ఒక సూది వేసి నడుము కింది భాగాన్ని మొద్దుబారుస్తారు. దాని ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు. అందుకే సాయంత్రం డిశ్చార్జి అయ్యేటప్పుడు పిల్లవాడు బిస్కెట్టు నములుతూ నవ్వుతుంటాడు. ‘చూశారా, నొప్పే లేదు’ అని అందరూ తేలికపడతారు. రాత్రి తొమ్మిది పదింటికి ఆ మొద్దు విడుస్తుంది. అప్పుడు మందు కోసం వెతుక్కోవడం కంటే, అది విడవకముందే మొదటి డోసు కడుపులో ఉంటే రాత్రి గడిచే తీరే వేరు. పిల్లల నొప్పిని తక్కువగా చూడటం వైద్యానికీ పాత జబ్బే. 1980ల దాకా నవజాత శిశువులకు చాలాచోట్ల నామమాత్రపు మత్తుతోనే ఆపరేషన్లు చేసేవారు. నరాలు పక్వం కాలేదు, నొప్పి తెలియదన్నది నమ్మకం. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిన కె.జె.ఎస్. ఆనంద్ 1987లో ఆ నమ్మకాన్ని కొలతలతో కూల్చాడు. గట్టి నొప్పి మందు కలిపి మత్తు ఇచ్చిన నెలలు నిండని శిశువుల్లో ఒత్తిడి హార్మోన్లు బాగా తక్కువగా ఉన్నాయి, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తగ్గాయి. ఆసుపత్రి ఆ పాఠం నేర్చుకుంది. ఇల్లింకా నేర్చుకోవాలి.

రెండేళ్లవాడు ‘నొప్పి’ అని వేలు పెట్టి చూపించకపోవచ్చు. కెనడాలో క్రిస్టీన్ చేంబర్స్ బృందం 1996లో తల్లిదండ్రులు ఇంట్లోనే వాడగల కొలబద్ద తయారు చేసింది: మామూలు కంటే ఎక్కువ గునుస్తున్నాడా, ఆటలు తగ్గాయా, తిండి తగ్గిందా, గాయం దగ్గర చెయ్యి పెట్టుకుంటున్నాడా, వదలకుండా అంటుకుంటున్నాడా లాంటి 15 ప్రశ్నలు. ఆరింటికి అవునంటే మందు వేయదగ్గ నొప్పి ఉన్నట్టు లెక్క. కదలకుండా పడుకున్నాడు కాబట్టి నొప్పి లేదనుకోవడం, లారా నర్సుల పొరపాటే. మందులు ఎక్కువ వేస్తే అలవాటు పడతాడేమో, కాలేయం చెడుతుందేమో అన్న సందేహం సహజం. పారాసిటమాల్‌కు అలవాటు పడటమన్నది లేదు. డాక్టరు బరువును బట్టి రాసిన మోతాదులో, చెప్పిన గంటలకు, రెండు మూడు రోజులు వేస్తే కాలేయానికి హాని ఉండదు. ప్రమాదమంతా కొలతలోనే. సాధారణ లెక్క కిలోకు 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 150. చుక్కల సీసాలో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. 125 సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు కలిపి 125. ఒకటి రాస్తే ఇంకొకటి తెచ్చి అదే కొలత పోస్తే మందు నాలుగింతలు అవుతుంది, లేదా నాలుగో వంతుకు పడిపోతుంది. వంటింటి చెంచా అసలే వద్దు. నిమెసులైడ్ అనే నొప్పి మందు పాత సీసా ఉంటే పారేయండి. పన్నెండేళ్లలోపు వారికి దాన్ని 2011లోనే మన దేశంలో నిషేధించారు.

మందు తగ్గించే ఇల్లే తిండి కూడా తగ్గిస్తుంది. పప్పు తింటే కుట్లు చీము పడతాయి, వంకాయ దురద, పెరుగు జలుబు, గుడ్డు వేడి అంటూ చివరికి పిల్లవాడికి కారం లేని చారన్నమే మిగులుస్తారు. చీము పట్టేది గాయంలో సూక్ష్మజీవులు చేరడం వల్ల. పప్పుకు దానితో ఏ సంబంధమూ లేదు. గాయం పూడటానికి కావలసిన మాంసకృత్తులు సరిగ్గా ఆ పప్పులోనూ గుడ్డులోనూ ఉన్నాయి. దిష్టి తీస్తే పోయేదేమీ లేదు, తీసుకోవచ్చు. పథ్యం పేరుతో పస్తు పెడితే మాత్రం పోతుంది.

ఊహ తెలియని వయసు, అన్నీ మర్చిపోతాడనే వాదన ఒకటి ఉంది. సంఘటనను మర్చిపోవచ్చు. శరీరం దాని సంగతి అది గుర్తుపెట్టుకుంటుందనడానికి ఆధారాలున్నాయి. టొరంటోలో ఆన్నా టాడియో బృందం 1997లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టినప్పుడు తిమ్మిరి మందు లేకుండా సున్తీ జరిగిన మగపిల్లలు నాలుగు నుంచి ఆరు నెలలకు టీకా సూదికి మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఏడ్చారు. అది చిన్న అధ్యయనమే, దాని మీద మేడలు కట్టక్కర్లేదు. కెయిన్ 1996లో 163 మంది పిల్లల్ని గమనిస్తే ఆపరేషన్ అయిన రెండు వారాలకు సగానికి పైగా, 54 శాతం మందిలో, పీడకలలు, తల్లిని వదలకపోవడం, తిండి మారాం లాంటివి కనిపించాయి. ఐదో వంతు మందిలో ఆరు నెలలకూ ఉన్నాయి. కాబట్టి పక్క తడపడం మానేసినవాడు మళ్లీ మొదలుపెడితే అది మొండితనం కాదు. ‘ఎత్తుకుంటే అలవాటైపోతుంది’ అనే హెచ్చరికను ఆ రెండు మూడు వారాలకు పక్కన పెట్టేయవచ్చు. జ్వరం, ఆగని వాంతులు, గాయం చుట్టూ ఎర్రబారడం, చీము కనిపిస్తే మాత్రం ఇంట్లో ఆలోచించుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వందల మంది క్యూ కట్టే సర్కారు ఆసుపత్రిలో ఇవన్నీ అయ్యే పనేనా అంటే, ఖర్చయ్యేవి ఇందులో చాలా తక్కువ. జాబితాలో అందరికంటే చిన్న బిడ్డను మొదట పెడితే ఆకలి గంటలు వాటంతటవే తగ్గుతాయి. మత్తు దిగే గదిలోకి తల్లిని పిలవడానికి ఒక కుర్చీ చాలు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదింటి పిల్లల ఆపరేషన్ ఖర్చుకు ఒక దారి దొరికింది. ఆ రాత్రి ఇంట్లో వేయాల్సిన మందు మాత్రం చాలాసార్లు డిశ్చార్జి కాగితం చివర ఇంగ్లీషులో ‘ఎస్‌ఓఎస్’ అన్న ముక్కగా మిగులుతోంది. అవసరమైతే వేయమని దాని అర్థం. అవసరాన్ని నోటితో చెప్పలేని వయసుకు అది పనికిరాని సూచన. మొదటి రెండు రోజులూ ఎన్ని గంటలకోసారి, ఏ సీసాలోంచి, ఎన్ని మిల్లీలీటర్లు, మొదటి డోసు ఈ రాత్రి ఎన్నింటికి అన్నది తెలుగులో రాయడానికి అర నిమిషం పడుతుంది. రాయకపోతే, మందుల చీటీ చేతికి తీసుకునే ముందే అడిగి రాయించుకోవాలి.